బొబ్బిలికి పాట ఉంది, బెండమూర్లంకకు లేదు



అల్లవరం మండలంలో బెండమూర్లంక అనగానే ఇవాళ ఎవరికైనా కొబ్బరితోటలు, సముద్రపు గాలి గుర్తొస్తాయి. రెండున్నర శతాబ్దాల కిందట ఆ ఊరి పేరు లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ లెక్కల్లో ఉండేది. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల ఇంగ్లీషువాళ్లకు మూడు వర్తక కోఠీలు ఉండేవి. ఒకటి నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో, ఒకటి యానాం దగ్గర ఇంజరంలో, మూడోది మన బెండమూర్లంకలో. గోదావరి డెల్టా నేతగాళ్లు నేసిన బట్టలు ఈ కోఠీల్లో మూటలై ఓడలెక్కేవి. మాధవాయిపాలెం పేరు మీద ఒక రకం నూలుబట్ట యూరపు అంగళ్లలో చాలాకాలం అమ్ముడైంది.

1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడు కోఠీలనూ పట్టుకున్నాడు. వాటికి చెప్పుకోదగ్గ కోటగోడలు లేవు, నిలబడి కాల్చడానికి తగిన బలగమూ లేదు. కోఠీలు చేతులు మారాయి. ఆ తర్వాత జూన్ 25న విశాఖపట్నం కూడా లొంగిపోయింది. దానికి రెండు రోజుల ముందే, జూన్ 23న, బెంగాలులో ప్లాసీ యుద్ధం జరిగింది. అక్కడ ఇంగ్లీషువాళ్లు గెలుస్తున్న వారంలోనే ఇక్కడ మన తీరమంతా ఫ్రెంచివాళ్ల చేతిలోకి వెళ్లిపోయింది.

ఇంత జరిగినా కోనసీమలో దీని గురించి పాట పుట్టలేదు, తిరునాళ్లూ పుట్టలేదు. అదే సంవత్సరం, అదే బుస్సీ, అదే సైన్యం. బెండమూర్లంకకు రావడానికి కొన్ని నెలల ముందు ఆ సైన్యం ఉత్తరాన ఒక చిన్న మట్టికోట మీద పడింది. జనవరి 24న ఒక్క రోజులో ముగిసిన ఆ పోరు తెలుగునాట ప్రతి ఊరికీ తెలుసు. చదువు రాని ముసలమ్మకూ తెలుసు. అది బొబ్బిలి యుద్ధం.

కొన్ని యుద్ధాలు జనం నోట నిలిచిపోతాయి, కొన్ని కాగితాల్లోనే ఉండిపోతాయి. ఎందుకని? బొబ్బిలిని దగ్గరగా చూస్తే ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

ముందు కథ కొంచెం చెప్పుకోవాలి. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. తన సింహాసనాన్ని కాపాడుతున్న బుస్సీ సైన్యానికి జీతాలు చెల్లించడం కోసం ఇచ్చిన సీమ ఇది. ఇందులో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లున్నాయి. కోనసీమ రాజమహేంద్రవరం సర్కారులోనిది. కాబట్టి బొబ్బిలి మీదికి వెళ్లిన ఫిరంగులకు అయిన ఖర్చులో కోనసీమ రైతు కట్టిన శిస్తు కూడా ఉందనుకోవాలి.

1756లో బుస్సీకీ సలాబత్ జంగ్‌కూ చెడింది. హైదరాబాదులో కొంతకాలం పోరు సాగి, చివరికి రాజీ కుదిరింది. ఆ గొడవల్లో సర్కారు జమీందార్లు చాలామంది శిస్తు ఆపేశారు. తన అధికారం ఇంకా చెల్లుతుందని చూపించడానికి బుస్సీ ఆ సంవత్సరం చివర్లో సైన్యంతో తీరానికి వచ్చాడు. కష్టకాలంలోనూ తనను వదలని విజయనగరం రాజు పూసపాటి పెద విజయరామరాజు ఆయనకు ఎదురువచ్చి తోడు నిలిచాడు. విజయరామరాజుకు చాలాకాలంగా ఒక కోరిక ఉంది. పక్కలో ఉన్న బొబ్బిలి తన సరిహద్దు నుంచి తొలగిపోవాలి.

విజయనగరం, బొబ్బిలి రాజ వంశాలు రెండూ 17వ శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట ఆ సీమకు వచ్చినవే. ఒకరు క్షత్రియులు, ఒకరు వెలమలు. పొలిమేరలు కలిసిన చోట తగాదాలు పెరిగాయి. వాటిలో పొలాలకు పారే నీళ్ల తగాదా ఒకటని అప్పటి ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. కాలవ చివరి భూములున్న కోనసీమ రైతులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఎగువవాడు తూము బిగిస్తే దిగువవాడి గుండె ఎలా మండుతుందో వాళ్లకు తెలుసు. ఫిరంగులున్న మూడోవాడు పక్కన నిలబడి ఉన్నప్పుడు ఆ మంట ఎక్కడిదాకా పోతుందో బొబ్బిలిలో తెలిసింది.

బొబ్బిలి రాజు రంగారావును కోట వదిలి వేరేచోట భూములు తీసుకొమ్మని అడిగారు. ఆయన కదలలేదు. ఇంతలో బొబ్బిలి అడవిదారిన పోతున్న ఫ్రెంచి సిపాయిల మీద దాడి జరిగింది, కొందరు చనిపోయారు. తప్పు రంగారావుదేనని విజయరామరాజు బుస్సీని నమ్మించాడు. జంగం కథల్లో, బుర్రకథల్లో ఈ పాపమంతా బుస్సీ దివాను హైదర్ జంగ్ మీదికి పోతుంది. విజయరామరాజు దగ్గర లంచం తిని దొర చెవిలో విషం పోసినవాడు ఆయనేనని పాట చెబుతుంది.

ఓర్మ్ ఇచ్చిన లెక్క ప్రకారం బొబ్బిలి మీదికి వచ్చిన బలగంలో ఐరోపా సైనికులు 750 మంది, వాళ్లలో 250 మంది గుర్రపు రౌతులు. నాలుగు ఫిరంగులు ఉన్నాయి. విజయరామరాజు మనుషులు 11,000 మంది. కోటలో ఆయుధం పట్టగలవాళ్లు కొన్ని వందలకు మించరు. రంగారావు భార్య మల్లమ్మదేవి తోడబుట్టినవాడు, బొబ్బిలి వీరుల్లో మొదటివాడని పేరున్న తాండ్ర పాపారాయుడు ఆ రోజు కోటలో లేడు. రాజాంలో ఉన్నాడు.

తెల్లవారుతూనే ఫిరంగులు కోట బురుజులను కొట్టడం మొదలుపెట్టాయి. పొద్దెక్కేసరికి గోడలకు గండ్లు పడ్డాయి. గండ్లలోకి ఎక్కినవాళ్లను ఎక్కినట్టే కోటవాళ్లు తోసేశారు, కోసేశారు. మధ్యాహ్నం ఒకసారి ముట్టడిదారులు వెనక్కి తగ్గి, సేద తీరి మళ్లీ వచ్చారు. ఇక కోట నిలవదని తేలిపోయింది. అప్పుడు రంగారావు తన ముఖ్యులను పిలిచి, ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని చెప్పాడని, ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లి ఆ పని ముగించారని ఓర్మ్ రాశాడు. ఇళ్లకు నిప్పు పెట్టారు. మంటల్లోంచి బయటికి వచ్చినవాళ్లను పొడిచారు. తిరిగివచ్చి రాజు పక్కన నిలబడి చివరి మనిషి దాకా పోరాడారు. రంగారావు తూటా తగిలి పడిపోయాడు.

కోట గెలిచినవాళ్లు లోపలికి వెళ్లి చూస్తే కనిపించినవి శవాలే. ఒక ముసలాయన రంగారావు చిన్న కొడుకును తీసుకొచ్చి ఫ్రెంచి సేనాధికారి లా దొరకు అప్పగించాడు. తండ్రి ఆజ్ఞకు విరుద్ధంగా ఈ బిడ్డను బతికించానని చెప్పాడట. లోపల చూసిన దృశ్యానికి నిలబడలేక లా ఆ పిల్లవాడిని వెంటబెట్టుకుని విడిదికి వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడే చిన రంగారావు. తర్వాతి కాలంలో బొబ్బిలి వంశం నిలిచింది ఆయన వల్లనే.

మూడో రాత్రి విజయరామరాజు తన డేరాలో హతుడయ్యాడు. బొబ్బిలి వాళ్లు నలుగురు బతికి బయటపడి, పగ తీర్చుకుంటామని ఒట్టు పెట్టుకున్నారని, వాళ్లలో ఇద్దరు కావలివాళ్ల కళ్లుగప్పి డేరాలోకి దూరి ఆయనను ముప్పై రెండు పోట్లు పొడిచారని ఓర్మ్ రాసిన సంగతి. మనవాళ్ల కథలో డేరాలోకి వెళ్లింది తాండ్ర పాపారాయుడు. అక్క పంపిన కబురు అంది, రాజాం నుంచి పరుగున వచ్చి, బూడిదైన కోటను చూసి, విజయరామరాజును చంపి తానూ ప్రాణం తీసుకున్నాడని కథ.

ఈ రెండు కథనాల మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. ఓర్మ్ పుస్తకం రెండో సంపుటం 1778లో వచ్చింది. యుద్ధం జరిగి ఇరవై ఏళ్లే. అందులో పోట్ల లెక్క ఉంది, పొడిచినవాళ్ల పేర్లు లేవు. మల్లమ్మదేవి పేరు లేదు. పాటలో పేర్లున్నాయి. ఎవరి భార్య ఎవరు, ఎవరి తమ్ముడు ఎక్కడున్నాడు, కబురు ఎవరు మోశారు అన్నీ ఉన్నాయి. జనం యుద్ధాన్ని బంధుత్వాల కంటితో చూశారు. సైన్యాల లెక్క దొరలు రాసుకున్నారు, చుట్టరికాల లెక్క జంగాలు పాడుకున్నారు. ఒక ఊరు ఒక విషాదాన్ని ఎలా దాచుకుంటుందో అర్థం కావాలంటే ఈ రెండో లెక్కను చిన్నచూపు చూడకూడదు. చరిత్రకారులు చాలాకాలం దాన్ని కట్టుకథ అని పక్కన పెట్టారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన పుస్తకంలో బొబ్బిలి కథలను దక్షిణాది వాళ్ల చరిత్ర రచనలో భాగంగా చదివి చూపించారు. ఆలస్యంగానైనా జంగం కథకుడికి దక్కవలసిన గౌరవం అది.

పాట ఎక్కడెక్కడ తిరిగిందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 18వ శతాబ్దం చివర్లో దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్ర అనే కావ్యం రాశాడు. అది పుట్టింది బొబ్బిలిలో కాదు, కృష్ణకు అవతల నరసరావుపేటలో, అక్కడి వెలమ జమీందారు మల్రాజు రామారావు ఆస్థానంలో. అంటే యుద్ధంలో పోయిన దూరపు బంధువుల కోసం అక్కడొక కుటుంబం కావ్యం రాయించుకుందన్నమాట. అదే కాలంలో పల్లెల్లో జంగం కథ పాకిపోయింది. పెద్దాడ మల్లేశం పేరుతో ఉన్న కథ బాగా ప్రచారమైంది. తెలుగు రాతప్రతుల కోసం ఊరూరా వెతికించిన సి.పి. బ్రౌన్ సేకరణలోకి బొబ్బిలి కథ చేరింది. 1874లో బాయిల్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో తెలుగు వీరగాథల గురించి రాస్తూ దీన్ని పరిచయం చేశాడు. తర్వాత మల్లంపల్లి సోమశేఖర శర్మ ఈ యుద్ధకథను పరిష్కరించి అచ్చు వేయించారు. వేదం వేంకటరాయశాస్త్రి దీన్ని నాటకం చేశారు.

ఇక రాతిలో ఉన్న జ్ఞాపకం సంగతి. పాత కోట ఉన్న చోట 1891లో బొబ్బిలి మహారాజా వేంకట శ్వేతాచలపతి రంగారావు ఒక స్మారక స్తంభం కట్టించారు. యుద్ధం జరిగిన 134 ఏళ్లకు గాని రాయి లేవలేదు. అప్పటిదాకా పాటే స్తంభం.

20వ శతాబ్దంలో ఆ పాటకు కొత్త గొంతు వచ్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ఊపిరి పోశాడు. ప్రజానాట్యమండలి వేదికల మీద పెరిగిన ఆ కళాకారుడి కథల్లో పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ముందుంటాయి. తంబుర భుజాన వేసుకుని, వేలికి అందెలు తొడిగి, గుమ్మెటలతో వంతలు పక్కన నిలబడగా ఆయన కథ మొదలుపెడితే జనం తెల్లవార్లూ కదిలేవాళ్లు కారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక పేద ముస్లిం కుటుంబంలో పుట్టిన కళాకారుడు వెలమ వీరుల కథను తెలుగువాళ్లందరి కథగా చేశాడు. బొబ్బిలి జ్ఞాపకం ఒక కులానికీ ఒక కోటకూ కట్టుబడి ఉండిపోకపోవడానికి ఇలాంటివాళ్లే కారణం. కోనసీమ తీర్థాల్లో, సంక్రాంతి రాత్రుల్లో, శ్రీరామనవమి పందిళ్లలో బొబ్బిలి కథ విని కళ్లు తుడుచుకున్నవాళ్లలో చాలామంది బొబ్బిలిని ఎన్నడూ చూడలేదు.

1964లో సి. సీతారాం దర్శకత్వంలో బొబ్బిలి యుద్ధం సినిమాగా వచ్చింది. రంగారాయుడిగా ఎన్.టి. రామారావు, మల్లమ్మదేవిగా భానుమతి, పాపారాయుడిగా ఎస్.వి. రంగారావు. 1986లో దాసరి నారాయణరావు తీసిన తాండ్ర పాపారాయుడులో కృష్ణంరాజు ఆ పాత్ర వేశారు. ఒక తరానికి బొబ్బిలి అంటే జంగం గొంతు, తర్వాతి తరానికి అది తెర మీది ముఖం.

తెలుగు నేల మీద ఇంతకంటే పాత జ్ఞాపకం ఒకటుంది. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివరిది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ఆ వీరులకు గుడి ఉంది. ప్రపంచంలో యుద్ధవీరులకు స్తంభాలు, తోటలు చాలా ఉన్నాయి. చనిపోయిన అరవై ఆరుగురు నాయకులను ఒకే చోట దేవుళ్లుగా పూజించే ఊళ్లు మాత్రం అరుదు. ప్రతి ఏటా కార్తీక అమావాస్యకు ఐదు రోజుల ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకు పేర్లు. పేర్లు వరసగా చదివితే చాలు, యుద్ధం ఎలా నడిచిందో తెలిసిపోతుంది. రాయబారం విఫలం కావడం, రెండు పక్షాల మంత్రులు బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ నడుమ కోడిపందెం, చివరికి కదనరంగంలో అందరూ ఒరిగిపోవడం. వీరుల వంశాలవాళ్లమని చెప్పుకునేవాళ్లు దూరప్రాంతాల నుంచి ఇంట్లో దాచుకున్న ఆయుధాలను మోసుకొచ్చి నాగులేట్లో కడిగి, గుడికి తీసుకొస్తారు.

కారెంపూడిలో గమనించవలసింది ఇంకోటి ఉంది. ఆ కథను పాడే వీర విద్యావంతులు మాల కులంవాళ్లు. బ్రహ్మనాయుడు కులభేదాలు లేకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడన్న చాపకూడు జ్ఞాపకం కూడా ఆ ఉత్సవంలోనే ఏటా మళ్లీ జరుగుతుంది. ఆయన సేనాని మాల కన్నమదాసుకు అక్కడ పూజ ఉంది. అన్నదమ్ముల పోరులో రెండు పక్షాలూ నాశనమైన కథను ఎనిమిది వందల ఏళ్లుగా ఆ ఊరు మోస్తున్నది. ఎవరు గెలిచారన్నది అక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మందపోరు నాడు ఒకే కూడు తినడం మీద పట్టింపు ఉంది.

ఇలాంటిదే ఐరోపాలో ఒకటుంది. 1389 జూన్‌లో కొసావో మైదానంలో సెర్బియా రాజు లాజర్, తురుష్క సుల్తాన్ మురాద్ తలపడ్డారు. లాజర్ చనిపోయాడు. మురాద్‌ను మిలోష్ ఒబిలిచ్ అనే వీరుడు శత్రు శిబిరంలోకి చొరబడి పొడిచి చంపాడని అక్కడి పాటలు చెబుతాయి. శిబిరంలోకి దూరి శత్రురాజును చంపిన ఒంటరి వీరుడి కథ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడా దాన్ని మోసింది ఊరూరా తిరిగే గాయకులే. గుస్లే అనే తంత్రీవాద్యం వాయిస్తూ పాడిన వాళ్లలో చూపులేనివాళ్లు ఎందరో. 19వ శతాబ్దం మొదట్లో వుక్ కరాజిచ్ వాటిని రాయించి అచ్చు వేశాడు. ఇంచుమించు అదే కాలంలో మన రాజమహేంద్రవరం, మచిలీపట్నాల్లో బ్రౌన్ రాతప్రతులు పోగుచేస్తున్నాడు.

కొసావో కథలో చివరి భాగం చేదుగా ఉంటుంది. 1989లో ఆ యుద్ధం ఆరు వందల ఏళ్ల పండుగకు లక్షలాది జనం పోగైన చోట సెర్బియా నాయకుడు స్లొబోదాన్ మిలోసెవిచ్ ప్రసంగించాడు. ఆ తర్వాతి పదేళ్లలో యుగోస్లావియా ముక్కలై, ఊళ్లకు ఊళ్లు రక్తంలో మునిగాయి. ఒక ప్రసంగమే ఇదంతా చేసిందని ఎవరూ అనరు. ఆరు వందల ఏళ్ల నాటి ఓటమి పాటను పొరుగువాడి మీదికి ఆయుధంగా తిప్పవచ్చని మాత్రం అక్కడ రుజువైంది. బొబ్బిలి పాటకు ఆ గతి పట్టలేదు. పగ తీరడం కథలోనే జరిగిపోయింది, విజయరామరాజు డేరాలో మూడో రాత్రికే. వినేవాడు తీర్చుకోవలసిన బాకీ ఏదీ కథకుడు మిగల్చలేదు. ఆ కథ విన్న జనం కంటనీరు పెట్టుకుని ఇళ్లకు వెళ్లారు. ఇది మన అదృష్టమనే చెప్పాలి.

మరి పాట లేని యుద్ధాల మాటేమిటి? బొబ్బిలి జరిగిన దాదాపు రెండేళ్లకు, 1758 డిసెంబరులో, పిఠాపురం దగ్గర చందుర్తిలో పెద్ద యుద్ధం జరిగింది. చనిపోయిన విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందగజపతి రాజు ఫ్రెంచివాళ్లకు ఎదురుతిరిగి, విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. బెంగాలు నుంచి క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. చందుర్తి పొలాల్లో ఏపుగా ఎదిగిన పైరు వెనుక ఇంగ్లీషు దళం కనబడలేదు. ఎర్ర దుస్తుల్లో ఉన్న బెంగాలు సిపాయిలను తెల్లవాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు తమ బలమంతా వాళ్ల మీద మోపారు. ఆ పొరపాటుతో ఓడిపోయారు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కూడా పడిపోయింది. తీరాంధ్ర ఇంగ్లీషువాళ్ల చేతిలోకి వెళ్లడానికి దారి వేసిన యుద్ధం ఇదే. బెండమూర్లంక, ఇంజరం, మాధవాయిపాలెం మళ్లీ ఇంగ్లీషు కోఠీలు కావడానికి కారణం ఇదే. యానాం ఒక్కటి, మధ్యమధ్య చేతులు మారినా, 1954 దాకా ఫ్రెంచివాళ్ల దగ్గర మిగిలింది.

ఫలితం చూసి తూచితే చందుర్తి ముందు బొబ్బిలి చాలా చిన్నది. బొబ్బిలి వల్ల పాలకుడు మారలేదు, చందుర్తి వల్ల మారాడు. అయినా గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లలో చాలామందికి చందుర్తి సంగతి తెలియదు. అక్కడ పోరాడింది ఎవరు? ఫోర్డ్ మనుషులు, కాన్‌ఫ్లాన్స్ మనుషులు, జీతానికి వచ్చిన సిపాయిలు. యుద్ధం ముగియగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆ నేల మీద ఏడ్చే ఇల్లు మిగలలేదు. పైరు తొక్కించుకున్న చందుర్తి రైతు ఏడ్చే ఉంటాడు, ఆయన ఏడుపును కథ కట్టేవాడు దొరకలేదు. బెండమూర్లంక అయితే పోరే చూడలేదు.

పద్మనాభం సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. 1794 జులై 10న విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమ పద్మనాభంలో చిన విజయరామరాజు కంపెనీ సైన్యాన్ని ఎదిరించి చనిపోయాడు. పేష్కష్ అనే కప్పం బకాయి కట్టలేదని, గద్దె దిగి మచిలీపట్నం వెళ్లమని కంపెనీ ఆజ్ఞ. ఆయన కదలలేదు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళాల ముందు ఆయనా, ఆయన చుట్టూ నిలిచిన రాజులూ గంటలోపే నేలకొరిగారు. బొబ్బిలి మీదికి ఫిరంగులు తెచ్చిన పెద విజయరామరాజు వంశంవాడే, ముప్పై ఏడేళ్ల తర్వాత సరిగ్గా రంగారావు నిలబడ్డట్టే నిలబడి పోయాడు. నిజాయితీగా చెప్పాలంటే ఈ రెండు కథలనూ ఒకే రాత్రి, ఒకే కథకుడు చెప్పాలి. బొబ్బిలి కథలో విజయనగరానికి ఎప్పుడూ ప్రతినాయకుడి వేషమే దక్కింది. పద్మనాభం తెలిసినవాడికి ఆ వేషం అంత సులువుగా అంటదు.

పాటకు గొప్పతనం ఉన్నట్టే దానికి మౌనాలూ ఉన్నాయి. విజయరామరాజు వెంట వచ్చిన 11,000 మందిలో చాలామంది పొలం పని వదిలి వచ్చిన పల్లె జనమే అయి ఉంటారు. గండ్లలో పడి చనిపోయిన వాళ్లలో ఒక్కరి పేరూ ఏ కథలోనూ లేదు. ఫిరంగి బండ్లు లాగిన ఎడ్లవాళ్ల గురించి అసలే లేదు. అయితే అన్నిటికంటే బరువైన మౌనం కోట లోపలిది. ఆ మధ్యాహ్నం ఇళ్లలో చనిపోయిన ఆడవాళ్లు, పిల్లలు ఎందరో ఎవరూ లెక్క రాయలేదు. ఓర్మ్ రాతలో నిర్ణయం మగవాళ్లది, మాట రాజుది. చంపబోయే ముందు ఆ ఇల్లాళ్లను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న ఆయనకూ రాలేదు. మన కథలు మల్లమ్మదేవికి మాట ఇచ్చాయి, ధైర్యం ఇచ్చాయి, తమ్ముడికి కబురు పంపే తెలివి ఇచ్చాయి. మిగిలినవాళ్లకు అదీ లేదు. వాళ్లందరినీ కలిపి మానం కాపాడుకున్నారని ఒక్క మాటలో చెప్పి కథ రణరంగానికి పరుగెత్తుతుంది.

ఆ గంటను గర్వంగా పాడటం న్యాయం కాదు. అక్కడ జరిగింది వీరత్వం కంటే ముందు భయం. ఓడిన కోటలో ఆడవాళ్లకు ఏం జరుగుతుందో ఆ కాలానికి తెలుసు కాబట్టి కలిగిన భయం. ఆ భయాన్ని పుట్టించినవాళ్లు ఫిరంగులు మోసుకొచ్చినవాళ్లు. దాన్ని ఎలా తీర్చాలో తేల్చినవాళ్లు ఇంటి మగవాళ్లు. ఇద్దరినీ కథలో నిలబెట్టి అడగవచ్చు.

బుర్రకథకు ఆ పని చేతకాదనుకోవడం పొరపాటు. నాజర్ తరం కథకులు పాత యుద్ధాలు పాడుతూనే మధ్యలో ఆకలి గురించి, దొరల దోపిడీ గురించి మాట్లాడారు. ప్రధాన కథకుడి పక్కన రాజకీయ వంత, హాస్య వంత ఉన్నది అందుకే. ఒకరు కథను ఆపి ప్రశ్న అడుగుతారు, ఇంకొకరు నవ్విస్తూ నిజం చెబుతారు. ఇవాళ కోనసీమలోనూ ఉత్తరాంధ్రలోనూ బుర్రకథ దళాలు తగ్గిపోయినా పూర్తిగా పోలేదు. ఆడవాళ్లు ప్రధాన కథకులుగా ఉన్న దళాలూ ఉన్నాయి. రాజకీయ వంత బొబ్బిలి కోట మధ్యాహ్నం దగ్గర కథను ఒక్క నిమిషం ఆపి, లోపలి ఇళ్లలో ఉన్నవాళ్లను గురించి అడిగితే, ఆ జవాబును తంబుర పట్టిన ఆడమనిషి చెబితే, పాత పాటలో ఒక కొత్త ఘట్టం చేరుతుంది. రేడియోలో వచ్చే జానపద కార్యక్రమాల్లో దానికి చోటు ఉంది. జనవరి 24 ప్రతి ఏడూ వస్తుంది, సంక్రాంతి వెళ్లిన పది రోజులకే, ఊళ్లలో పందిళ్లు ఇంకా పూర్తిగా విప్పకముందే.